బిడ్డను దేశం దాటించేస్తే ఏం చేయాలి? హైదరాబాద్–గల్ఫ్ కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

"సెలవులకని తీసుకెళ్లాడు, తిరిగి పంపనంటున్నాడు. కేసు ఎక్కడ వేయాలి?" టోలీచౌకి, నిజామాబాద్, కడప, ఎక్కడి నుంచి వచ్చినా ప్రశ్న ఇదే. రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తండ్రులు దీన్నే తిరగేసి అడుగుతున్నారు: "పుట్టింటికని వెళ్లింది, బిడ్డతో సహా రానంటోంది."

వీళ్లలో చాలామంది "అంతర్జాతీయ చట్టం ఉంటుందిగా" అనే నమ్మకంతో మొదలుపెడతారు. హైదరాబాద్–గల్ఫ్ దారిలో అలాంటిది లేదు. పనిచేసేవి మూడే: బిడ్డ ఇప్పుడున్న చోటి కోర్టు, మీ చేతిలోని కాగితాలు, మీరు ఎంత త్వరగా కదిలారన్నది. ఈ మార్గదర్శిలోని వరుస కూడా దాన్నిబట్టే ఉంటుంది. దీన్ని చదివి సొంతంగా కేసు నడపమని చెప్పడం లేదు. వకీలు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏ ఫైలుతో వెళ్లాలో తెలియాలన్నదే ఉద్దేశం.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: ఏ రెండు దేశాల మధ్య?

1980 అక్టోబరు 25 నాటి హేగ్ ఒప్పందం గురించి అందరూ వినే ఉంటారు. 16 ఏళ్లలోపు బిడ్డను అలవాటుగా ఉంటున్న దేశం నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు రెండోవారి హక్కును కాదని తరలిస్తే, త్వరగా వెనక్కి పంపించడం దాని పని. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో అది తేల్చదు. ఆ సంగతి ఏ దేశపు కోర్టు తేల్చాలో మాత్రమే చెబుతుంది.

రెండు దేశాలూ అందులో ఉండి, ఒకదాన్నొకటి ఒప్పుకొని ఉంటేనే అది పనిచేస్తుంది. ఇండియా అందులో లేదు. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ కూడా లేవు. ముస్లిం దేశాలేవీ లేవనుకోవడం మాత్రం పొరపాటు. టర్కీ, మొరాకో, ట్యునీసియా, ఇరాక్ చేరాయి. పాకిస్తాన్‌కు 2017 మార్చి 1 నుంచి వర్తిస్తోంది.

మీ కేసు వీటిలో ఏదో చూసుకోండి:

- హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు, గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కు: హేగ్ లేదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మీకోసమే.
- అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి ఇండియాకు: ఆ దేశాలు సభ్యులే, మనం కాదు. హేగ్ లేదు. 6, 8 అంకాలు చూడండి.
- దుబాయ్ నుంచి లండన్‌కు: బ్రిటన్ సభ్య దేశమే, యూఏఈ కాదు. హేగ్ లేదు, కానీ బ్రిటన్ కోర్టుల్లో వేరే దారులున్నాయి. అక్కడి వకీలును పట్టుకోండి.
- రెండూ సభ్య దేశాలైతే, ఉదాహరణకు టర్కీ నుంచి జర్మనీకి: తల్లిదండ్రులు భారతీయులైనా హేగ్ వర్తిస్తుంది. అది చూసేది బిడ్డ నివాసాన్ని, పాస్‌పోర్టు రంగును కాదు.

చివరి రకం వాళ్లు ఆయా దేశాల సెంట్రల్ అథారిటీకి (ఈ ఒప్పందం పనులు చూసే ప్రభుత్వ కార్యాలయానికి) వెంటనే దరఖాస్తు చేయాలి. ఏడాది దాటితే బిడ్డ కొత్త చోట కుదురుకున్నాడన్న వాదనకు దారి తెరుచుకుంటుంది. మీరు ముందే ఒప్పుకున్నారని, పంపితే బిడ్డకు తీవ్ర ప్రమాదమని, బిడ్డే వద్దంటున్నాడని అవతలి పక్షం వాదించవచ్చు. "సరే, కొన్నాళ్లు ఉండనీ" అని మీరు పంపిన వాట్సాప్ మెసేజ్, మీరు ఒప్పుకున్నారన్న వాదనకు సాక్ష్యమైపోతుంది.

## 2. హిజానత్ వేరు, విలాయత్ వేరు

ఈ తేడా తెలియకే సగం పిటిషన్లు తప్పుగా తయారవుతాయి.

ముస్లిం చట్టంలో హిజానత్ అంటే బిడ్డను దగ్గర పెట్టుకొని పెంచే హక్కు, చిన్న వయసులో ఇది తల్లిది. విలాయత్ అంటే చదువు, ఆస్తి, పెళ్లి, ప్రయాణం వంటి వాటిమీద నిర్ణయాధికారం, ఇది తండ్రిది. ఆ అధికారం ఉన్నవారే వలీ. ఆయన లేకపోతే సాధారణంగా తాతది. అంటే ఒకే బిడ్డ మీద ఒకే సమయంలో ఇద్దరికీ హక్కుంటుంది. "నేను వలీని, నా బిడ్డను నేను ఎక్కడికైనా తీసుకెళ్తాను" అనే తండ్రి సగమే చెబుతున్నాడు. "హిజానత్ నాది, ఎవరినీ అడగక్కర్లేదు" అనే తల్లి చెబుతున్నదీ సగమే.

వయసు మజ్హబ్‌ను, అంటే పాటించే ఇస్లామీయ న్యాయ సంప్రదాయాన్ని, బట్టి మారుతుంది. హైదరాబాద్ సున్నీలలో ఎక్కువమంది అనుసరించే హనఫీలో మగపిల్లాడికి 7 ఏళ్ల వరకు, ఆడపిల్లకు యుక్తవయసు వచ్చేవరకు తల్లి హిజానత్ ఉంటుంది. బార్కస్‌లోని అరబ్బు మూలాల కుటుంబాలు పాటించే షాఫయీలో ఇంచుమించు 7 ఏళ్లకు బిడ్డ ఇష్టాన్ని అడుగుతారు. షియా ఇస్నా అషరీలో మగపిల్లాడికి 2 ఏళ్లు, ఆడపిల్లకు 7 ఏళ్లు. తల్లి లేకపోతే హనఫీలో ఆ హక్కు అమ్మమ్మకు, ఆ తర్వాత నానమ్మకు వెళుతుంది. బిడ్డకు దగ్గరి రక్తసంబంధం లేని వ్యక్తిని తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె హిజానత్ పోతుందని ఫిఖహ్ (ఇస్లామీయ ధర్మశాస్త్ర) గ్రంథాలు అంటాయి.

ఇండియాలో ఇదే ఆఖరి మాట కాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, సెక్షన్ 17 ప్రకారం బిడ్డకు వర్తించే మతచట్టాన్ని చూస్తూనే కోర్టు బిడ్డ సంక్షేమాన్ని తేల్చాలి. సుప్రీంకోర్టు 2010లో ఒక ముస్లిం కుటుంబం కేసులో గార్డియన్‌షిప్ వేరు, కస్టడీ వేరు అని గుర్తుచేసి, తల్లి చనిపోయిన పిల్లల మధ్యంతర కస్టడీని తండ్రికి కాకుండా తల్లి తరఫు బంధువుల దగ్గరే ఉంచింది.

పిటిషన్‌కు పనికొచ్చే మాట ఒకటి. తండ్రి లేదా తల్లి బతికుండి, అనర్హులు కాకపోతే మరొకరిని గార్డియన్‌గా నియమించకూడదని అదే చట్టం సెక్షన్ 19 అంటుంది. కాబట్టి తల్లి తరఫున వేసే పిటిషన్‌లో "గార్డియన్‌షిప్" అని రాసి ఊరుకోవద్దు. కస్టడీ, మధ్యంతర కస్టడీ, దేశం దాటించకుండా నిషేధం, ఈ మూడూ విడివిడిగా అడగండి.

## 3. గల్ఫ్ దేశాల్లో ఇప్పుడున్న చట్టం

ఊళ్లో పెద్దమనుషులు చెప్పే వయసులు చాలావరకు పాతవి. ఈమధ్య మార్పులొచ్చాయి.

- యూఏఈ: 2024 నాటి 41వ ఫెడరల్ డిక్రీ చట్టం 2025 ఏప్రిల్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. మగపిల్లాడికి 11, ఆడపిల్లకు 13 అన్న పాత లెక్క పోయింది. కస్టడీ వయసు ఇప్పుడు 18. 15 నిండిన బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తానే ఎంచుకోవచ్చు. ముస్లిమేతరులకు 2023 ఫిబ్రవరి నుంచి వేరే సివిల్ చట్టం ఉంది. అందులో ఉమ్మడి కస్టడీయే మామూలు పద్ధతి.
- సౌదీ: 2022 నాటి పర్సనల్ స్టేటస్ చట్టం. విడిపోతే కస్టడీ ముందు తల్లికి. 15 ఏళ్లకు బిడ్డకు ఎంపిక, 18కి కస్టడీ ముగుస్తుంది.
- ఖతార్: 2006 నాటి 22వ చట్టం. మగపిల్లాడికి 13, ఆడపిల్లకు 15. కోర్టు పొడిగించవచ్చు.
- కువైట్: 1984 నాటి 51వ చట్టం. మగపిల్లాడికి యుక్తవయసు వరకు, ఆడపిల్లకు పెళ్లయ్యేవరకు.
- ఒమన్: 1997 నాటి చట్టం. మగపిల్లాడికి 7, ఆడపిల్లకు యుక్తవయసు వరకు.

మూడు నాలుగు చోట్ల హనఫీ లెక్క కన్నా ఇవి తల్లికే అనుకూలంగా ఉన్నాయి. "అరబ్బు దేశంలో కేసు వేస్తే బిడ్డ తండ్రికే" అని భయపడి అక్కడ అసలు కేసే వేయని తల్లులను చూస్తే బాధేస్తుంది. అసలు చిక్కు కస్టడీలో కన్నా ప్రయాణంలో ఉంది. కస్టడీ తల్లికి వచ్చినా, బిడ్డను దేశం బయటికి తీసుకెళ్లి స్థిరపడాలంటే వలీ ఒప్పుకోవాలి, లేదా కోర్టు అనుమతి కావాలి.

సౌదీలో దీనికి ఇంకో మెలిక ఉంది. భార్యాపిల్లలు తండ్రి ఇఖామా (నివాస అనుమతి) మీద మురాఫిక్‌లుగా, అంటే ఆశ్రితులుగా, ఉంటే, వాళ్ల ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అబ్షర్ అనే ప్రభుత్వ యాప్‌లో తీసేది ఆయనే. ఆయన నొక్కకపోతే విమానం ఎక్కలేరు. రీ-ఎంట్రీ గడువు ఆయన పొడిగించకపోతే తిరిగి పోలేరు. భార్యను హైదరాబాద్‌లో దించి, బిడ్డతో తానొక్కడే తిరిగి వెళ్లి, ఆమె వీసా గడువు దాటనివ్వడం అందుకే ఇంత సులువు.

## 4. అనుమానం వచ్చిన రోజే చేయాల్సినవి

బిడ్డ దేశం దాటకముందు ఒక్క రోజు చేసే పని, దాటాక ఏళ్లు తిరిగినా జరగకపోవచ్చు. ఈ లక్షణాలు కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి: బిడ్డ పాస్‌పోర్టు ఇంట్లో కనబడకపోవడం, బడిలో టీసీ కోసం అడగడం, "ఫ్యామిలీ వీసా వచ్చింది" అని బిడ్డకు మాత్రమే వీసా తీయడం, ఖులా (భార్య కోరే విడాకుల) మాటల్లో బిడ్డ ప్రస్తావన హఠాత్తుగా రావడం.

చేయాల్సినవి:

- బిడ్డ పాస్‌పోర్టు, వీసా, ఇఖామా అన్ని పేజీల ఫోటోలు తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఫోన్‌లోనే ఉంచితే ఫోన్‌తో పాటే పోతాయి.
- పాస్‌పోర్టు ఇంకా తీయకపోతే, లేదా రెన్యువల్ దగ్గరపడితే, ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయానికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. మైనర్ పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరూ అనెక్సర్ డి మీద సంతకం చేయాలి. ఒక్కరే అనెక్సర్ సి ఇచ్చి తీసే దారి కూడా ఉంది. మీ అభ్యంతరం ఫైల్లో ఉంటే ఆ దారి ఇరుకవుతుంది.
- బిడ్డకు అమెరికా పౌరసత్వం ఉంటే, అక్కడి విదేశాంగ శాఖ పిల్లల పాస్‌పోర్టు హెచ్చరిక పథకంలో పేరు నమోదు చేయించండి.
- బిడ్డ గల్ఫ్‌లో పుట్టి, తల్లి భారతీయురాలు, తండ్రి అక్కడి పౌరుడు అయితే పౌరసత్వం సంగతి ముందే తేల్చుకోండి. విదేశంలో పుట్టిన బిడ్డ వంశం ద్వారా భారతీయుడు కావాలంటే ఏడాదిలోపు కాన్సులేట్‌లో నమోదు కావాలి, బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటించాలి. బిడ్డ ఆ దేశ పౌరుడే అయితే మన ఎంబసీ చేయగలిగింది చాలా తక్కువ.
- గల్ఫ్‌లోనే ఉంటే, బిడ్డ మీద ట్రావెల్ బ్యాన్ కోసం అక్కడి కోర్టులో దరఖాస్తు పెట్టవచ్చు. యూఏఈలో ఇది తరచూ జరిగేదే.
- ఇండియాలో ఉంటే ఫ్యామిలీ కోర్టులో దేశం దాటించవద్దన్న మధ్యంతర ఉత్తర్వు కోరండి.

ఆ చివరిది ఎందుకు అవసరమో చెప్పాలి. పాస్‌పోర్టు, వీసా సరిగ్గా ఉన్న బిడ్డ సొంత తండ్రితోనో తల్లితోనో వెళుతుంటే శంషాబాద్‌లో ఎవరూ ఆపరు. ఆపాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. అది ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గరికి చేరాలి కూడా. ఉత్తర్వు తెచ్చుకొని బీరువాలో పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

## 5. కాగితాల ఫైలు

రెండు సెట్లు. ఒకటి మీ దగ్గర, ఒకటి నమ్మకమైనవాళ్ల ఇంట్లో.

- నికాహ్‌నామా. సియాహానామా (ఖాజీ ఇచ్చే పెళ్లి పత్రం) ఉర్దూలో ఉంటే వక్ఫ్ బోర్డు ఇచ్చే ఇంగ్లీషు మ్యారేజీ సర్టిఫికెట్ కూడా తీయండి. విదేశీ కోర్టుకు అదే పనికొస్తుంది.
- బిడ్డ జనన ధ్రువపత్రం, గల్ఫ్‌లో పుడితే అక్కడిది.
- బడి హాజరు, ఫీజు రసీదులు, టీకాల కార్డు, డాక్టర్ చీటీలు. బిడ్డ ఎక్కడ అలవాటుగా ఉంటున్నాడో చెప్పేవి ఇవే.
- రానూపోనూ టికెట్లు. తిరుగు టికెట్ ఉందంటే, సెలవులకే వెళ్లారని చెప్పడానికి అంతకన్నా గట్టి రుజువు లేదు.
- తలాక్, ఖులా కాగితాలు, మెహర్, భరణం లెక్కలు.
- వాట్సాప్ సంభాషణలు. స్క్రీన్‌షాట్లతో ఆపకండి, మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.
- ఒక పేజీ తేదీల పట్టిక: పెళ్లి, బిడ్డ పుట్టుక, ప్రతి ప్రయాణం, చివరిసారి బిడ్డతో మాట్లాడిన రోజు. వకీలు ముందుగా అడిగేది ఇదే.

విదేశానికి పంపే కాగితాలకు నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖ ముద్ర కావాలి. ఆ తర్వాత కొన్ని దేశాలకు అపోస్టిల్ అనే ఒక్క ముద్ర చాలు (సౌదీ 2022 డిసెంబరు నుంచి), మరికొన్నిటికి ఎంబసీ ముద్ర కావాలి. ఆపైన ఆ దేశం గుర్తించిన అనువాదకుడితో అరబిక్ అనువాదం. ఇదంతా వారాలు పడుతుంది. కేసు వేసే రోజున మొదలుపెడితే ఆలస్యమే.

## 6. బిడ్డ ఇండియాలోనే ఉంటే: తొలి మూడు రోజులు

మొదటి రోజు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. "ఇది సివిల్ మేటర్ అమ్మా" అంటారు. సొంత తండ్రి మీద కిడ్నాప్ కేసు మామూలుగా నిలబడదు కనుక ఆ మాటలో కొంత నిజముంది. అయినా డైరీ నంబరు లేకుండా బయటికి రావద్దు. మీరు ఏ రోజున అభ్యంతరం చెప్పారో రుజువు చేసేది అదే. తెలంగాణలో మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది, ఢిల్లీలో జాతీయ మహిళా కమిషన్‌లోనూ ఎన్నారై సెల్ ఉంది. రెండిటికీ ఒక కాపీ పంపండి.

రెండో రోజు. కోర్టు ఎంచుకోవాలి. మూడు తలుపులున్నాయి.

హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్. బలవంతంగా లాక్కెళ్లినప్పుడు, దేశం దాటే ప్రమాదం కళ్లముందున్నప్పుడు ఇదే వేగమైనది. పిటిషన్‌లో కేంద్ర హోం, విదేశాంగ శాఖలను, ఇమిగ్రేషన్‌ను, పాస్‌పోర్టు కార్యాలయాన్ని కూడా ప్రతివాదులుగా చేర్చమనండి. లేకపోతే ఉత్తర్వు వచ్చినా దాన్ని అమలు చేసేవాళ్లకు నేరుగా చేరదు.

ఫ్యామిలీ కోర్టు. అసలు కస్టడీ తేలేది ఇక్కడ. బిడ్డ మామూలుగా ఉండే చోటి కోర్టుకే అధికారమని గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 9 చెబుతుంది. "నిన్ననే తీసుకెళ్లారు" అన్న దశలో ఆ చోటు మీ ఊరే. ఆరు నెలలాగితే అవతలి పక్షం తన ఊరే బిడ్డ ఊరంటుంది. అదే చట్టం సెక్షన్ 12 కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి.

మేజిస్ట్రేట్ కోర్టు. గృహహింస చట్టం సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయవచ్చు కాబట్టి, గల్ఫ్ నుంచి పుట్టింటికి చేరిన తల్లికి ఇది నిజంగా అందుబాటులో ఉన్న తలుపు. ఒక్కసారే మూడుసార్లు తలాక్ చెప్పి వదిలేసినట్టయితే, 2019 నాటి ముస్లిం మహిళల (వివాహ హక్కుల పరిరక్షణ) చట్టం సెక్షన్ 6 కింద మైనర్ బిడ్డల కస్టడీ కోసం కూడా మేజిస్ట్రేట్‌నే అడగవచ్చు.

ఖర్చుకు భయపడకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే దాని కార్యాలయం ఉంటుంది.

మూడో రోజు. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని ఇమిగ్రేషన్, పాస్‌పోర్టు కార్యాలయం, ఎయిర్‌పోర్టు పోలీస్ స్టేషన్‌లకు చేతికిచ్చి, స్టాంపు వేయించుకోండి. హైదరాబాద్ ఒక్కచోటే ఇచ్చి ఆగిపోవద్దు. బెంగళూరు నుంచో ముంబయి నుంచో విమానం ఎక్కడం ఎవరికీ కొత్త కాదు.

## 7. బిడ్డ గల్ఫ్‌కు వెళ్లిపోయి ఉంటే

మన ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వు రియాద్‌లో నేరుగా అమలవుతుందని ఆశపడకండి. యూఏఈని 2020 జనవరిలో ఇండియా పరస్పర దేశంగా (దాని కోర్టు డిక్రీలను ఇక్కడ అమలు చేసే దేశంగా) ప్రకటించిందిగా అని కొందరంటారు. దానికి ఆధారమైన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ డబ్బు చెల్లించమనే డిక్రీలకు సంబంధించింది. బిడ్డను అప్పగించమనే ఉత్తర్వుకు కాదు.

కాబట్టి వరుస ఇలా ఉండాలి:

1. బిడ్డ ఏ ఊళ్లో, ఏ ఇంట్లో, ఏ బడిలో ఉన్నాడో తెలుసుకోండి. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరుతో రియాద్ ఎంబసీకో, జిద్దా, దుబాయ్ కాన్సులేట్‌కో రాయండి. బిడ్డ క్షేమం కనుక్కోమని, వకీళ్ల జాబితా ఇమ్మని అడగండి. బిడ్డను తెచ్చివ్వమంటే వాళ్ల చేతుల్లో లేదు.
2. అక్కడి వకీలుకు పవర్ ఆఫ్ అటార్నీ పంపండి. అరబిక్‌లో దీన్ని వకాలా అంటారు. కస్టడీ, బిడ్డను చూసే హక్కు, ట్రావెల్ బ్యాన్, నఫఖా (భరణం), రాజీ కుదుర్చుకునే అధికారం, ఇవన్నీ పేరుపేరునా రాయాలి. "అన్ని కేసులూ చూసుకోవచ్చు" అని రాసిన కాగితాన్ని అక్కడి కౌంటర్‌లో తిప్పి పంపేస్తారు.
3. రాజీ దశ తప్పించుకోలేరు. యూఏఈలో ముందు ఫ్యామిలీ గైడెన్స్ విభాగం, సౌదీలో తరాదీ వేదిక. అక్కడికి మీ తరఫున ఎవరూ వెళ్లకపోతే ఆసక్తి లేదన్న ముద్ర పడుతుంది.
4. కోర్టులో అడిగేటప్పుడు ఆ దేశపు చట్టం మాటల్లో అడగండి. "మా హైకోర్టు చెప్పింది" అన్నదానికన్నా "హిజానత్ హక్కుదారు తల్లి, బిడ్డ వయసు ఇంత, తండ్రి డ్యూటీలో ఉన్నప్పుడు బిడ్డను చూసేది పనిమనిషి, బిడ్డ మస్లహత్ (మేలు) తల్లి దగ్గరే" అన్నది అక్కడి ఖాజీకి అందుతుంది. మన కోర్టు ఉత్తర్వును పక్కన సాక్ష్యంగా పెట్టండి.
5. మొదటి వాయిదాలోనే వీడియో కాల్ హక్కు అడగండి. కస్టడీ తేలేలోపు బిడ్డ మీ గొంతు మరిచిపోకూడదు. ఇండియాలో నడిచే కేసుల్లోనూ, దూరంగా ఉన్న తల్లికో తండ్రికో వీడియో కాల్ ద్వారా మాట్లాడే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది.
6. కస్టడీతో పాటే బిడ్డతో ఇండియాకు ప్రయాణించే అనుమతి అడగండి. ఇది మరిచిపోతే గెలిచినా దుబాయ్‌లోనే ఉండిపోవాలి.

ఖర్చు భరించలేని ఇబ్బందిలో ఉంటే, ఎంబసీల దగ్గరుండే భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి న్యాయసహాయం కోసం దరఖాస్తు పెట్టవచ్చు.

## 8. బిడ్డతో మీరే హైదరాబాద్ వచ్చేసి ఉంటే

ఇది మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. కొడితే, తిండి పెట్టకపోతే, ప్రాణభయంతో వచ్చేసిన తల్లులున్నారు. మొగుడికి బుద్ధి చెప్పాలని వచ్చేసినవాళ్లూ ఉన్నారు. కోర్టు ఈ రెంటినీ ఒకేలా చూడదు.

సుప్రీంకోర్టు 2017 జులై తీర్పు తర్వాత, విదేశీ కోర్టు ఉత్తర్వు అనేది చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే. బిడ్డ సంక్షేమమే పైమాట. తల్లి దగ్గర ఉన్న బిడ్డను అక్రమ నిర్బంధంలో ఉన్నట్టు చూడరు. అలాగని ధీమాగా ఉండలేం. 2019 మార్చిలో అమెరికాలో కాపురముండి వచ్చిన తెలుగు దంపతుల కేసులో అదే సుప్రీంకోర్టు పిల్లలను అమెరికాకు తిరిగి తీసుకెళ్లమంది. పిల్లలు ఎక్కడ పుట్టి పెరిగారు, ఎన్నాళ్లయింది, అక్కడ కేసు ఎంతవరకు వచ్చింది అన్నవి చూస్తారు.

చేయాల్సినవి:

- హింస ఉంటే రుజువులు వెంటనే పోగేయండి: ఆసుపత్రి కాగితం, ఎంబసీకి రాసిన మెయిల్, పొరుగువారి మాట.
- గల్ఫ్ కోర్టు నుంచి నోటీసు వస్తే చించేయకండి. అక్కడ వకీలును పెట్టి జవాబివ్వండి. అనుమతి లేకుండా దేశం దాటిందని, నుషూజ్ (భర్త మాట కాదనడం) అని రాయించి, ఏకపక్షంగా హిజానత్ రద్దు చేయించుకుంటే దాన్ని తర్వాత కదిలించడం కష్టం.
- తండ్రితో బిడ్డ ఫోన్ మాటలు ఆపకండి. కోర్టులో తల్లుల మీద పడే మొదటి మచ్చ ఇదే.
- బిడ్డను బడిలో చేర్చండి. కానీ తండ్రి పేరు దాచి చేర్చవద్దు.

తండ్రులకూ ఒక మాట. గల్ఫ్ ఉత్తర్వు పట్టుకొని వచ్చి అత్తగారింటి మీదకు వెళ్లవద్దు. హైకోర్టుకు వెళ్లండి. వెళ్లేముందు, బిడ్డను అక్కడ ఎవరు చూసుకుంటారు, ఏ బడి, తల్లికి వీసా ఎవరిస్తారు, ఆమె ఖర్చు ఎవరిది అన్నవాటికి రాతపూర్వక హామీలు సిద్ధం చేసుకోండి. కోర్టు అడిగే ప్రశ్నలు ఇవే.

## 9. రాజీ రాసుకునేటప్పుడు

ఇలాంటి కేసుల్లో కొన్ని చివరికి పెద్దల మధ్యే తేలతాయి. దారుల్ ఖజా (షరియత్ పంచాయితీ)లోనో ఖాజీ ముందో కుదిరిన రాజీని తక్కువ చేయడం లేదు. కానీ అది కోర్టు డిక్రీ కాదు. కుదిరిన మాటను ఇండియాలో ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వుగా, గల్ఫ్‌లో అక్కడి కోర్టు ఉత్తర్వుగా, రెండు చోట్లా నమోదు చేయించండి. దీన్నే మిర్రర్ ఆర్డర్ అంటారు.

అవతలివాళ్లు తెచ్చిన మిర్రర్ ఆర్డర్‌ను కళ్లుమూసుకొని నమ్మొద్దు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక బిడ్డను కెన్యాలోని తండ్రికి అప్పగించమంటూ అక్కడి కోర్టు నుంచి మిర్రర్ ఆర్డర్ తెమ్మంది. తెచ్చింది నకిలీదని తేలి, 2021 అక్టోబరులో ఆ తీర్పునే వెనక్కి తీసుకుంది. సుప్రీంకోర్టు ముందే అలా జరిగింది కాబట్టి, మీరు కేసు నంబరును అక్కడి కోర్టు పోర్టల్‌లోనో, ఎంబసీ ద్వారానో సరిచూసుకోవడంలో తప్పేం లేదు.

రాజీపత్రంలో ఉండాల్సినవి: సెలవుల తేదీలు, టికెట్ ఎవరు కొంటారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర, గల్ఫ్‌లో బిడ్డ రీ-ఎంట్రీ ఎవరు పొడిగిస్తారు, ఫోన్ ఏ వేళ, గడువుకు పంపకపోతే ఏం జరుగుతుంది. "పరస్పర అవగాహనతో" అన్న మాట కనబడితే కొట్టేసి తేదీ రాయించండి.

ఖులా విషయంలో జాగ్రత్త. "బిడ్డను వదులుకుంటేనే ఖులా" అని సంతకం పెట్టించుకుంటారు. హనఫీ ఫిఖహ్‌లోనే హిజానత్‌ను బిడ్డ హక్కుగా కూడా చూస్తారు, దాన్ని ఖులాకు బదులుగా ఇచ్చేయాలన్న షరతు చెల్లదు, ఖులా మాత్రం చెల్లుతుంది. మన కోర్టులకూ ఆ సంతకం ఆఖరు మాట కాదు. ఇప్పటికే పెట్టేసి ఉంటే, అంతా అయిపోయిందని కూర్చోకుండా వకీలుకు చూపించండి.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

"రంజాన్‌కు పంపుతానన్నాడు, చూద్దాం" అని ఆగడం. గడువు తేదీ దాటిన మర్నాడే రాతపూర్వక నోటీసు పంపండి. మౌనాన్ని ఒప్పుకోలుగా చదువుతారు.

బిడ్డను తిరిగి ఎత్తుకొచ్చేయడం. ఏజెంట్లు దొరుకుతారు, డబ్బూ తీసుకుంటారు. గల్ఫ్‌లో పట్టుబడితే జైలు, ఆపై దేశ బహిష్కరణ. బిడ్డను చూసే దారి కూడా మూసుకుపోతుంది.

భార్య మీద క్రూరత్వం కేసు (పాత 498ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85), కస్టడీ, భరణం అన్నీ ఒకే ఫిర్యాదులో కలిపేయడం. క్రిమినల్ కేసులో ఆయన పాస్‌పోర్టు సీజ్ అయితే మంచిదే అనిపిస్తుంది. కానీ బిడ్డ గల్ఫ్‌లో ఉంటే, అరెస్టుకు భయపడి ఆయన ఇండియాకు రావడమే మానేస్తాడు. ఏది ముందు వేయాలో వకీలుతో కూర్చొని నిర్ణయించండి.

ఫేస్‌బుక్‌లో పోరాటం. బిడ్డ ఫోటో, తండ్రి కంపెనీ పేరు పెట్టి పోస్టులు పెడితే గల్ఫ్ దేశాల్లో పరువునష్టం, సైబర్ నేరం కేసులు మీ మీదే పడతాయి. పెట్టి ఉంటే తీసేయండి.

ఎంబసీ అవుట్ పాస్ ఇస్తుందిలే అనుకోవడం. ఆ అవుట్ పాస్, అంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ప్రయాణ పత్రం మాత్రమే. సౌదీ ఎగ్జిట్ అనుమతికి అది బదులు కాదు.

## 11. బిడ్డ మీ దగ్గరికి వచ్చాక

పాస్‌పోర్టును కోర్టులో డిపాజిట్ చేయించమని అడగండి. ఉత్తర్వు కాపీ బడిలో ఇచ్చి, బిడ్డను ఎవరికి అప్పగించవచ్చో రాసివ్వండి. ఇమిగ్రేషన్‌లో ఇచ్చిన ఉత్తర్వుకు గడువుంటే, అది ముగియకముందే పొడిగింపు పిటిషన్ వేయాలి. తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.

కోర్టు రెండోవాళ్లకు ఇచ్చిన చూసే సమయాలను ఒక నోటు పుస్తకంలో రాస్తూ ఉండండి: వచ్చారా, ఎంతసేపు, బిడ్డ ఎలా ఉన్నాడు. కస్టడీ ఉత్తర్వు ఎప్పుడైనా మార్చమని అడగగలిగేదే కాబట్టి, రెండేళ్ల తర్వాత పిటిషన్ వచ్చినా ఆ పుస్తకం అక్కరకొస్తుంది. ఇంతకుముందు పెట్టిన మదద్ ఫిర్యాదును, పోలీస్ ఫిర్యాదును బిడ్డ దొరికినట్టు రాసి మూయించండి. తెరిచి ఉన్న ఫిర్యాదు ఏదో ఒక రోజు మీ సొంత ప్రయాణానికే అడ్డొస్తుంది.